బైక్ వెనక టైరు మారుస్తున్నారా? లావు టైరు వేయించే ముందు ఈ లెక్క చూడండి

[వెనక చక్రం క్లోజప్]

నమస్తే అండి. ఈ టైరు చూడండి. పక్కల గాడులు బాగానే ఉన్నాయి, మధ్యలో మాత్రం నున్నగా పలకలా అరిగిపోయింది. ఎక్కువగా తిన్నటి రోడ్డు మీద తిరిగే బళ్లకి వెనక టైరు ఇలాగే అవుతుంది. గాడి అడుగున చిన్న గడ్డ కనిపిస్తోందా? అది అరుగుదల గుర్తు. రబ్బరు దానితో సమానమైందంటే టైరు అయిపోయినట్టే. చట్టం ప్రకారం టూవీలర్ టైరు గాడి లోతు కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. వానలు దగ్గరపడుతుంటే అంతదాకా ఆగకండి. నీళ్లను బయటికి తోసేది ఆ గాడులే.

షాపుకెళ్లగానే వినిపించే మాట ఒకటుంది: "అన్నా, ఒక సైజు పెంచుదాం, లుక్ అదిరిపోద్ది!"

[స్క్రీన్ మీద: 100/90-17 55పి]

150 సీసీ బళ్ల వెనక చక్రానికి తరచూ కనిపించే సైజు ఇది. 100 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. రిమ్ అంచు నుంచి టైరు ఎత్తు అందులో 90 శాతం, అంటే 90 మిల్లీమీటర్లు. 17 అంటే రిమ్ వ్యాసం, అంగుళాల్లో. 55 అంటే ఆ టైరు 218 కిలోల దాకా మోస్తుంది, పి అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. ఈ చివరి రెండూ పెరిగితే ఫర్వాలేదు, తగ్గకూడదు. వెనక ఇంకో మనిషి, ముందు బియ్యం బస్తా పెట్టుకుని వెళ్లేవాళ్లం కదా మనం!

ఇప్పుడు 120/80-17 వేయించారనుకోండి. ఎత్తు 96 అవుతుంది. పైనా కిందా కలిపితే చక్రం 12 మిల్లీమీటర్లు పెద్దదైంది. మడ్‌గార్డ్‌కో చైన్‌కో రాసుకోవచ్చు. అసలు తంటా రిమ్ దగ్గర. సన్న రిమ్‌కి లావు టైరు బిగిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి, మధ్యభాగం గుండ్రంగా ఉబ్బుతుంది. గ్రిప్ కోసమని డబ్బు పెట్టిన టైరు, తిన్నగా వెళ్లేటప్పుడు రోడ్డుకి ఆనేది తగ్గిపోవచ్చు. మైలేజీ కూడా పడిపోతుంది. నన్నడిగితే, కంపెనీ చెప్పిన సైజే వేయించండి. ఆ మిగిలే డబ్బుతో అదే సైజులో మంచి బ్రాండ్ కొనుక్కోండి.

స్పోక్ రిమ్ ఉన్నవాళ్లు ట్యూబ్‌లెస్ టైరు కొన్నా సరే, మామూలు స్పోక్ రిమ్‌లో ట్యూబ్ వేయాల్సిందే. లేకపోతే స్పోకులు బిగించే రంధ్రాల్లోంచి గాలి పోతుంది. రబ్బరు మెత్తనైతే తడి రోడ్డు మీద పట్టు బాగుంటుంది, త్వరగా అరుగుతుంది. గట్టిది ఎక్కువ రోజులు వస్తుంది. పొద్దస్తమానం డెలివరీలకు తిరిగేవాళ్లకి గట్టిదే లాభం. గడ్డలు గడ్డలుగా ఉండే బటన్ టైర్లు మట్టి దారికే, తారు మీద మోత తప్ప ఏమీ ఉండదు.

[టైరు పక్కన అంకెలు, క్లోజప్]

బిగించే ముందు ఈ నాలుగంకెలు చూడండి: 3524. అంటే 2024లో 35వ వారం తయారైంది. ఏళ్ల తరబడి షాపులో మూలపడి ఉన్న టైరుకి కొత్త ధర ఇవ్వక్కర్లేదు. తిరిగే దిశకి బాణం గుర్తు ఉంటుంది, మెకానిక్ హడావుడిలో ఉంటే అది మీరే చూసుకోండి. ట్యూబ్‌లెస్ అయితే వాల్వ్ కూడా కొత్తది వేయించండి.

కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది. మొదటి 150 కిలోమీటర్లు మలుపుల్లో బండిని మరీ వాల్చకండి, సడన్ బ్రేకులు వద్దు. ఇక గాలి సంగతి. టైరు మీద రాసి ఉండేది గరిష్ఠ పరిమితి, అంత కొట్టించకండి. చైన్ కవర్ దగ్గర స్టిక్కర్ మీదో, ఓనర్స్ మాన్యువల్‌లోనో ఒక్కరికి ఎంత, ఇద్దరికి ఎంత అని విడిగా ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు ఆ లెక్క ప్రకారమే పట్టించండి.