టీడీఎస్ మీటరుకు కనపడనిది

వ్యాఖ్యాత: కాలవలు కట్టేసి, ఊరి చెరువు అడుగంటితే కోనసీమలో చాలామందికి బోరే దిక్కు. ఆ నీళ్లలో రేడియేషన్ ఉందంటూ ఫోన్లలో ఒకటే మెసేజీలు. నిజమేనా మాస్టారూ?

జియాలజీ మాస్టారు: ఉంటుందండి, కానీ నిన్నగాక మొన్న వచ్చింది కాదు. రాతిలో, మట్టిలో రేడియేషన్ ఇచ్చే యురేనియం మొదట్నుంచీ ఉంది. నీరు ఒరుసుకుంటూ పోతే కాస్త కరుగుతుంది, నీళ్లలో బైకార్బొనేట్ అనే లవణం ఎక్కువుంటే ఇంకా తేలిగ్గా. గ్రానైట్ నేలల్లో లోతు బోర్లకి ఈ బెడద ఎక్కువ. మనది గోదారి తెచ్చి పోసిన ఒండ్రు. ఆంధ్రా తీరం ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో థోరియం ఉంది, అదీ రేడియేషన్ ఇచ్చేదే. అయితే అది నీళ్లలో కరగడం బహు తక్కువ. అలాగని మీ బోరుకి ఇక్కడ కూర్చుని సర్టిఫికెట్ ఇవ్వలేను. పరీక్ష చేయించాల్సిందే.

గృహిణి, రాజోలు వైపు: చేయించామండి! వాటర్ ప్లాంటు కుర్రాడు పెన్నులాంటిది గ్లాసులో ముంచితే 90 చూపించింది. "సూపర్ వాటర్ పిన్నీ" అన్నాడు.

మాస్టారు: (నవ్వు) అది టీడీఎస్ మీటరమ్మా. నీళ్లలో లవణాలు మొత్తం ఎంతున్నాయో అంచనా కడుతుంది, అంతే. దాని మీద 90 కాస్తా 91 అవ్వాలంటే లీటరుకి 1000 మైక్రోగ్రాములు పెరగాలి. తాగునీటిలో యురేనియానికి బీఐఎస్, అంటే మన దేశంలో ప్రమాణాలు పెట్టే సంస్థ, పెట్టిన హద్దు 30 మైక్రోగ్రాములే. హద్దు దాటి పదింతలున్నా ఆ అంకె కదలదు.

డాక్టరు: రేడియేషన్ అనగానే అందరికీ క్యాన్సరే గుర్తొస్తుంది. యురేనియంతో ముందు భయం కిడ్నీకండి, అదీ సీసంలాగా రసాయన విషంగా. రేడియేషన్ ఇచ్చే ఇంకో మూలకం రేడియం సంగతి వేరు. దాన్ని కాల్షియం అనుకుని శరీరం ఎముకలో దాచుకుంటుంది.

గృహిణి: మేం మరగబెట్టే తాగుతామండి. గిన్నె అడుగున తెల్లగా గార కూడా కడుతుంది.

డాక్టరు: మరిగిస్తే నీళ్లలో రేడాన్ అనే రేడియేషన్ ఇచ్చే వాయువు ఉంటే ఎగిరిపోతుంది, క్రిములు చస్తాయి. యురేనియం పోదు. కొంత నీరు ఆవిరైతే మిగిలిన నీళ్లలో ఇంకాస్త చిక్కబడుతుంది. అలాగని మరగబెట్టడం మానెయ్యకండమ్మా! వానాకాలం నా దగ్గరికొచ్చే కేసులు విరేచనాలవే.

వ్యాఖ్యాత: మరి ఆర్‌ఓ?

మాస్టారు: పొర బాగుంటే యురేనియాన్ని చాలావరకు ఆపుతుంది. వదిలేసే నీళ్లు ఎటు పోతున్నాయమ్మా?

గృహిణి: పక్క బోదెలోకండి. కొంత మా కొబ్బరి మొక్కలకి కూడా...

మాస్టారు: ఆపింది ఆ నీళ్లలోకే పోతుంది మరి. అందుకే ముందు బోరు నీళ్లకే పరీక్ష చేయించండి. ల్యాబులో యురేనియం, మొత్తం ఆల్ఫా, మొత్తం బీటా అని అడగాలి. ఆల్ఫా, బీటా అంటే రేడియేషన్‌లో రెండు రకాలు. బెకరెల్ అనేది రేడియేషన్ కొలత; ఆల్ఫాకి హద్దు లీటరుకి 0.1 బెకరెల్, బీటాకి 1. యురేనియం కాగితం మీద మిల్లీగ్రాముల్లో ఉంటే 0.03, మైక్రోగ్రాముల్లో ఉంటే 30. రెండూ ఒకటే, కంగారుపడకండి.

గృహిణి: ఆ పేర్లు చీటీ మీద రాసివ్వండి మాస్టారూ. ఆ కుర్రాడికి చూపించాలి.