ఉచితంగా వచ్చే ఎస్‌ఎస్‌ఎల్‌కి డబ్బు కట్టకండి

నమస్కారం అండి. పోయిన నెల మా పిన్ని ఫోన్ చేసింది. ఆవిడ ఇంట్లో పచ్చళ్లు పెట్టి, చిన్న వెబ్‌సైట్‌లో అమ్ముతుంది. "ఒరేయ్, ఆవకాయ ఆర్డర్ పెడదామని తెరిస్తే 'నాట్ సెక్యూర్' అని వస్తోందట, మన సైటు హ్యాక్ అయిందంటావా?" అని ఒకటే టెన్షన్. హ్యాక్ ఏమీ కాలేదు. సైటుకి ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ లేదు, అంతే. బ్రౌజర్‌కీ సైటుకీ మధ్య వెళ్లే సమాచారాన్ని రహస్యంగా ఉంచడానికి సైటుకి ఉండాల్సిన డిజిటల్ పత్రం అది. 2018 జులై నుంచి, అది లేకుండా మామూలు హెచ్‌టీటీపీలో (సురక్షితమైన హెచ్‌టీటీపీఎస్‌లో కాకుండా) నడిచే ప్రతి సైటుకీ క్రోమ్ ఈ మాట తగిలిస్తోంది.

హోస్టింగ్ వాళ్లని, అంటే సైటుని తమ సర్వర్‌లో ఉంచే కంపెనీని, అడిగితే ఏడాదికి ఇంత అని ప్యాకేజీ చెప్పారట. కట్టొద్దన్నాను. లాభం కోసం కాకుండా నడిచే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 చివరి నుంచి ఉచితంగా సర్టిఫికెట్లు ఇస్తోంది. కస్టమర్ అడ్రసు, ఫోన్ నంబరు దారిలో ఎవరికంటా పడకుండా చూసే పనిలో కొన్నదానికీ దీనికీ తేడా లేదు. పాస్‌వర్డ్ బలహీనంగా ఉంటే మాత్రం ఏ సర్టిఫికెట్టూ కాపాడలేదు, అది గుర్తుంచుకోండి.

షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ని అందరూ పంచుకునే పద్ధతి) ఒకే ఐపీ, అంటే ఒకే నెట్ చిరునామా, మీద వందల సైట్లు ఉంటాయి కదా, మన సర్టిఫికెట్ మనకెలా వస్తుంది? అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఫ్లాట్ నంబరు చెప్పినట్టు, బ్రౌజర్ ముందే సైటు పేరు చెబుతుంది. దీన్నే ఎస్‌ఎన్‌ఐ అంటారు.

ఇక పనిలోకి వద్దాం. సీప్యానెల్‌లో (హోస్టింగ్ వాళ్లు సైటు సెట్టింగ్స్ కోసం ఇచ్చే పేజీ) 'ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ స్టేటస్' తెరిచి, డొమైన్‌కి, అంటే సైటు పేరుకి, టిక్ పెట్టి, 'రన్ ఆటోఎస్‌ఎస్‌ఎల్' నొక్కాలి. సర్టిఫికెట్‌ని అదే తెచ్చి పెడుతుంది. పిన్ని సైటుకి నొక్కితే మామూలు పేరుకి సర్టిఫికెట్ వచ్చింది, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న పేరుకి ఎర్రగా ఎర్రర్. ఎందుకో తెలియక గంటసేపు తల పట్టుకున్నాను. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు సైటు మనదేనా అని చూడటానికి, మన సర్వర్‌లో ఒక చిన్న ఫైలు పెట్టించి, దాన్ని బయటి నుంచి తెరిచి చూస్తారు. పిన్ని రెండేళ్ల క్రితం హోస్టింగ్ మార్చింది కానీ ఆ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ డీఎన్‌ఎస్ రికార్డు (ఈ పేరు ఏ సర్వర్‌లో ఉందో చెప్పేది) ఇంకా పాత సర్వర్‌నే చూపిస్తోంది. ఫైలు ఇక్కడ, వెతికేది అక్కడ. రికార్డు మార్చి, కాసేపు ఆగి మళ్లీ నొక్కితే వచ్చేసింది. మీకూ ఎర్రర్ వస్తే ముందు డీఎన్‌ఎస్ చూడండి.

సర్టిఫికెట్ వచ్చాకే 'ఫోర్స్ హెచ్‌టీటీపీఎస్ రీడైరెక్ట్' (వచ్చిన వాళ్లందరినీ హెచ్‌టీటీపీఎస్‌కి మళ్లించే సెట్టింగ్) ఆన్ చేయండి. ముందే చేస్తే వచ్చిన కస్టమర్‌కి పేజీ నిండా హెచ్చరికే కనిపిస్తుంది.

అప్పటికీ హోమ్ పేజీ మీద బ్రౌజర్ అనుమానం పోలేదు. చూస్తే, గోంగూర సీసా ఫోటో లింకు ఇంకా హెచ్‌టీటీపీతోనే ఉంది. ఇలా హెచ్‌టీటీపీఎస్ పేజీలో హెచ్‌టీటీపీ లింకు కలిసి ఉంటే దాన్ని మిక్స్‌డ్ కంటెంట్ అంటారు. పిన్ని సైటు వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసింది. దాని సెట్టింగ్స్‌లో 'వర్డ్‌ప్రెస్ అడ్రస్', 'సైట్ అడ్రస్' రెండూ హెచ్‌టీటీపీఎస్‌కి మార్చి, బ్యాకప్ తీసుకుని, పాత లింకులన్నీ మార్చాను.

లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ మామూలుగా 90 రోజులే పనిచేస్తుంది. ఆటోఎస్‌ఎస్‌ఎల్ తనే రెన్యూ చేస్తుంది కానీ, మధ్యలో డీఎన్‌ఎస్ కదిలితే ఆగిపోతుంది. గడువు దగ్గరపడిందని లెట్స్ ఎన్‌క్రిప్ట్ పంపే ఈమెయిళ్లు కూడా 2025 జూన్‌లో ఆగిపోయాయి. అందుకే గడువుకి 15 రోజుల ముందు మోగేలా పిన్ని ఫోన్‌లో రిమైండర్ పెట్టాను. ఆ రోజు సైటు తెరిచి, సర్టిఫికెట్ మీద తేదీ ముందుకి జరిగిందో లేదో చూసి చెప్పమన్నాను.