క్రూయిజ్‌లో ఖరీదైన క్యాబిన్, పెట్టిన డబ్బుకి తగ్గదేనా?

శ్రోతలందరికీ నమస్కారం. క్రూయిజ్ బుక్ చేసుకుందామని కూర్చుంటే ముందు కిటికీ లేని ఇన్‌సైడ్ క్యాబిన్ రేటు కనిపిస్తుంది, పర్లేదు మన బడ్జెట్‌లోనే ఉంది అనుకునేలోపే దాని కింద ఓషన్ వ్యూ, ఆ కింద బాల్కనీ, ఆ తర్వాత అదే బాల్కనీకి స్పా అనో క్లబ్ అనో ఒక పేరు తగిలించిన ఇంకో రకం, చివర్న సూట్లు, అంటే అన్నిటికంటే పెద్దవీ ఖరీదైనవీ అయిన గదులు. ఇంకొంచెం పెడితే ఇవన్నీ వస్తాయంట కదా అని మనసు లాగుతూనే ఉంటుంది. ఆ ఇంకొంచెం పెట్టాలా వద్దా అన్నదే ఇవాళ మన మాట.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గదిలో తెచ్చిపెట్టే వస్తువుల కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి, జనంలోంచీ క్యూలోంచీ బయటపడేసే వాటికి పెట్టండి, అదీ మీరెక్కే షిప్‌లో అంత జనం ఉంటేనే.

వస్తువులంటే ఏంటంటే, గదిలోకి అడుగుపెట్టగానే టేబుల్ మీద ఒక వైన్ బాటిల్, పళ్ళ బుట్ట, ఒక సంచీ, బాత్రోబ్, దిండ్లు ఏ రకం కావాలో ఎంచుకోమని ఒక కార్డు. చూడ్డానికి చాలా బాగుంటాయి, నేను కాదనను. కానీ చాలా షిప్పుల్లో స్పా, క్లబ్ లాంటి పేరు తగిలించిన క్యాబిన్ సైజు పక్కనున్న మామూలు బాల్కనీ క్యాబిన్ అంతే, అదే మంచం, అదే బాత్రూమ్. కాబట్టి ఒక కాగితం తీసుకుని వాళ్ళు ఇస్తామన్నవన్నీ వరసగా రాసి ఒక్కోదాని దగ్గరా ఆగండి, ఇది ఊరికే రాకపోతే నేను విడిగా డబ్బిచ్చి కొనుక్కుంటానా అని అడుక్కోండి, లేదు అనిపిస్తే కొట్టేయండి. మిగిలినవాటి ఖరీదు కూడితే రేట్లో తేడాకి దగ్గరగా వస్తే తీసుకోండి. ఉదాహరణకి సెలబ్రిటీ కంపెనీ షిప్పుల్లో ఆక్వాక్లాస్ అని ఒకటుంది, అందులో ఉన్నవాళ్ళకి బ్లూ అనే విడి రెస్టారెంట్, స్పాలో వేడి బెంచీలూ ఆవిరి గదులూ ఉండే చోటుకి ప్రవేశం కలిపే ఇస్తారు. ఇద్దరూ రోజూ వెళ్ళి ఆవిరి గదిలో కూర్చునే రకమైతే ఎలాగూ పాస్ కొంటారు కాబట్టి లెక్క సరిపోతుంది. ఒకరికి ఇష్టం, రెండోవాళ్ళకి ఊపిరాడదు అంటే మాత్రం ఆ ఒక్కరికే పాస్ కొనుక్కోవడం నయం.

ఇక జనం సంగతి. 2024లో మొదలైన ఐకాన్ ఆఫ్ ది సీస్ అనే షిప్‌లో గదికి ఇద్దరు చొప్పున లెక్కేస్తేనే 5,610 మంది పడతారు, అన్ని బెడ్లూ నిండితే 7,600 దాకా వెళ్తుంది. అంతమంది ఒకేరోజు ఎక్కుతారు, సముద్రం మీద ఉన్న రోజు అంతమందికీ పూల్ పక్కన కుర్చీ కావాలి, టిఫిన్ టైముకి అంతమందీ బఫే వైపు నడుస్తారు. ఇలాంటి పెద్ద షిప్పుల్లోనే నార్వీజియన్ కంపెనీ వాళ్ళ ది హేవెన్, ఎమ్మెస్సీ కంపెనీ వాళ్ళ యాట్ క్లబ్ లాంటివి పనికొస్తాయి, గది తాళం కార్డు పెడితేనే తలుపు తెరుచుకునే విడి ఏరియా, లోపల వేరే లాంజ్, వేరే రెస్టారెంట్, చాలావాటిల్లో వేరే పూల్ కూడా. జనసందోహం అంటే అలసిపోయేవాళ్ళకి, పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళకి, నిలబడి నిలబడి కాళ్ళు నొప్పులు వచ్చేవాళ్ళకి ఇది నిజంగా విలువైనది, నేను ఇక్కడ డబ్బు పెట్టమనే చెప్తాను.

కానీ రూట్ చూడాలి. రోజుకో ఊరు తిప్పే మెడిటరేనియన్ రూట్‌లో ఇవాళ బార్సిలోనా, రేపు నేపుల్స్ అంటూ పొద్దున్నే దిగి సాయంత్రం కాళ్ళీడ్చుకుంటూ ఎక్కుతారు, ఆ లాంజ్‌లో కూర్చునే తీరికెక్కడ? అదే క్వీన్ మేరీ 2 అనే షిప్‌లో సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ వెళ్తుంటే మామూలుగా 7 రాత్రులు, చుట్టూ నీళ్ళు తప్ప ఇంకేం ఉండదు, దిగేందుకు ఊరే లేదు, అక్కడ గదీ, భోజనం హాలూ, కూర్చునే చోటే మన ప్రపంచం. పెట్టిన ప్రతి పైసా వాడుకుంటారు.

ప్రయారిటీ టెండర్ అని ఇంకో సౌకర్యం చెప్తారు, దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. కొన్ని రేవుల్లో పెద్ద షిప్ ఒడ్డుదాకా రాలేదు, నీళ్ళలోనే ఆగిపోతుంది, చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు, వాటినే టెండర్లు అంటారు. గ్రాండ్ కేమన్ అలాంటిది, గ్రీసులో శాంటొరీని అలాంటిది. మామూలు ప్రయాణికులు నంబర్ టికెట్ తీసుకుని థియేటర్‌లోనో లాంజ్‌లోనో కూర్చుని మైకులో తమ నంబర్ ఎప్పుడు పిలుస్తారా అని చూస్తూ ఉంటారు, సూట్ వాళ్ళని ముందు పంపేస్తారు. ఊళ్ళో ఉండేదే కొన్ని గంటలు కాబట్టి ముందు దిగితే చాలా లాభం. అయితే శాంటొరీనిలో పడవ దింపేది కొండ కింద పాత రేవు దగ్గర, పైన ఫిరా ఊరికి వెళ్ళాలంటే కేబుల్ కారు, లేదా దాదాపు 600 మెట్లు. ఆ కేబుల్ కారు దగ్గర అన్ని షిప్పుల జనమూ కలిసిపోతారు, అక్కడ మీ సూట్ కార్డుకి విలువ లేదు. ఆఖరిరోజు షిప్ దిగాక ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరా అంతే. కంపెనీ ఇచ్చే ముందువరస కంపెనీ చేతిలో ఉన్నంతవరకే నడుస్తుంది, బుక్ చేసేముందు ఇది గుర్తుపెట్టుకోండి.

బాల్కనీ గురించి అయితే పెద్దగా చెప్పక్కర్లేదు. అలాస్కా, నార్వే లాంటి చోట రోజంతా కొండలూ మంచూ కళ్ళ ముందు నుంచి వెళ్తుంటాయి కాబట్టి తీసుకోవచ్చు, బాల్కనీ అంటే సముద్రమే కనిపిస్తుందని మాత్రం అనుకోవద్దు, లైఫ్‌బోట్ అడ్డొచ్చేవి ఉంటాయి, షిప్ లోపలి తోట వైపు తెరుచుకునేవీ ఉంటాయి.

నాకు బాగా నచ్చిన అదనపు సౌకర్యం అసలు ఖరీదైన గదిలోదే కాదు. ఒంటరిగా వెళ్ళేవాళ్ళ దగ్గర చాలా కంపెనీలు దాదాపు ఇద్దరి డబ్బులూ తీసుకుంటాయి. 2010లో వచ్చిన నార్వీజియన్ ఎపిక్ అనే షిప్‌లో ఒక్కరి కోసమే 128 చిన్న స్టూడియో గదులు కట్టారు, సముద్రం కనపడే కిటికీ లేదు, కానీ ఆ గదులవాళ్ళు మాత్రమే వెళ్ళగలిగే ఒక లాంజ్ ఉంది, అక్కడ ఒంటరిగా వచ్చిన వాళ్ళు ఒకరికొకరు పరిచయమై కలిసి భోజనానికి వెళ్ళొచ్చు. ఒంటరి మనిషికి అవసరమైనదేంటో ఆలోచించి ఇచ్చారు, అందుకే నాకు దానిమీద అంత గౌరవం.

పెద్ద షిప్‌లో పెద్ద సూట్ తీసుకునేంత డబ్బు ఉంటే మాత్రం ఒకసారి సీబోర్న్, సిల్వర్‌సీ లాంటి కంపెనీల రేట్లు కూడా పక్కనపెట్టి చూడండి. అక్కడ అన్నీ సూట్లే, ప్రయాణికులు కొన్ని వందల మందే, తాగేవీ టిప్పులూ రేట్లోనే కలిపేస్తారు. వాటర్ స్లైడ్లు కావాలనే పిల్లలుంటే వద్దు, పెద్ద షిప్పే మంచిది, అలాంటప్పుడు ఒక సూట్ బదులు మధ్యలో తలుపున్న రెండు మామూలు క్యాబిన్లు అడగండి, రెండు బాత్రూములు వస్తాయి. పొద్దున్న నలుగురూ ఒకేసారి తయారవ్వాలంటే దానికంటే సుఖం లేదు.

చివరిగా వేలం గురించి. ముందు తక్కువ క్యాబిన్ బుక్ చేసుకున్నవాళ్ళకి, ఇంత కడితే పెద్ద గది ఇస్తాం, మీరెంత పెడతారో చెప్పండి అని మెయిల్ వస్తుంది. స్క్రీన్ మీద కనిపించే అంకె సాధారణంగా మనిషికి, గదికి కాదు, ఇద్దరుంటే రెట్టింపు. వాళ్ళు ఒప్పుకున్నారంటే కార్డులోంచి డబ్బు వెళ్ళిపోతుంది, వెనక్కి రాదు. సూట్ అయితే రోజువారీ టిప్పు కూడా చాలా కంపెనీల్లో పెరుగుతుంది. పైగా గది ఎక్కడిస్తారో మనచేతిలో ఉండదు. అలల ఊపు తక్కువ తెలిసేది షిప్ మధ్యలో కింది డెక్కుల్లో, అలాంటి గది ఏరికోరి తీసుకున్నవాళ్ళు వేలంలో గెలిచి ముందు చివర్లో పై డెక్కులో పడొచ్చు, లేదా సరిగ్గా పూల్ కింద పడి తెల్లారుజామున నెత్తిమీద కుర్చీలు లాగే చప్పుడుకి లేవొచ్చు. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళు ఎంత చవగ్గా కనిపించినా ఆ వేలం జోలికి వెళ్ళకండి. నమస్కారం.