ఇంప్లాంట్ తర్వాత మళ్ళీ బరువులు

శ్రోతలకు నమస్కారం.

ఇవాళ ఒకే ఒక్క ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. రొమ్ము ఆపరేషన్ అయి ఇంప్లాంట్ పెట్టించుకున్న ఆడవాళ్ళు మళ్ళీ బరువులు ఎత్తవచ్చా? జిమ్ముకి వెళ్ళవచ్చా? జవాబు ముందే చెప్పేస్తాను. ఎత్తవచ్చు. వెళ్ళవచ్చు. ఎప్పుడు మొదలుపెట్టాలి, దేనితో మొదలుపెట్టాలి అన్నదే అసలు సంగతి.

నేను గుంటూరులో ఫిజియోథెరపిస్టుని. మోకాలి నొప్పితో వచ్చినవాళ్ళు గుమ్మంలోనే మొదలుపెట్టి బాధంతా చెప్పేస్తారు. రొమ్ము ఆపరేషన్ అయి వచ్చినవాళ్ళు మాత్రం తలుపు వేసి ఉందో లేదో చూసుకుని, అప్పుడు నోరు విప్పుతారు. అదీ ఒంట్లో ఒక భాగమే కదా. మోకాలి గురించి ఎంత మామూలుగా మాట్లాడుకుంటామో, దీని గురించీ అంత మామూలుగా మాట్లాడుకునే రోజు రావాలని నా కోరిక. అందుకే ఈ ప్రసంగానికి ఈ విషయమే ఎంచుకున్నాను.

ఇంప్లాంట్ అంటే పైన సిలికాన్ తొడుగు, లోపల సిలికాన్ జెల్ గానీ ఉప్పునీరు గానీ. 1962లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో సిలికాన్ జెల్ ఇంప్లాంట్ మొదటిసారి పెట్టారు. కొందరికి క్యాన్సర్ వల్ల రొమ్ము తీసేశాక పెడతారు. కొందరు తమ ఇష్టంతో పెట్టించుకుంటారు. ఎందుకు పెట్టించుకున్నావని అడిగే పని నాది కాదు, చుట్టపక్కాలది అసలే కాదు. ఎందుకు పెట్టించుకున్నా గాయం గాయమే. అది మానడానికి పట్టే సమయం దానికి ఇవ్వాల్సిందే.

ఒకావిడ గురించి చెబుతాను. పేరు చెప్పను. హైస్కూల్లో లెక్కలు చెబుతారు కాబట్టి టీచరుగారనే అందాం. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన కరణం మల్లీశ్వరి రెండు రకాల ఎత్తుల్లో 110 కిలోలు, 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చినప్పుడు ఈవిడ స్కూల్లో చదువుకుంటున్నారు. ఆడపిల్ల అంత బరువు ఎత్తగలదా అన్న ఆశ్చర్యం ఆవిడ మనసులో అలాగే ఉండిపోయింది. పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం, అన్నీ అయ్యాక బ్రాడీపేటలో ఒక జిమ్ములో చేరారు. అన్నిటికంటే డెడ్‌లిఫ్ట్ అంటే ప్రాణం. నేల మీదున్న బార్, అంటే బరువులు తగిలించే ఇనుప కడ్డీ, పట్టుకుని నిటారుగా నిలబడడమే అది. బార్ నేల వదిలిన ఆ క్షణంలో బడి, ఇల్లు, అప్పులు ఏవీ గుర్తుండవని చెప్పేవారు.

తర్వాత ఎడమ రొమ్ములో గడ్డ. పరీక్షలు, ఆపరేషన్. రొమ్ము తీసేసి, అప్పుడే ఇంప్లాంట్ పెట్టారు. చంకలో కొన్ని లింఫు గ్రంథులు కూడా తీశారు. నెల తిరిగేసరికి భార్యాభర్తలిద్దరూ నా దగ్గరికి వచ్చారు. కూర్చోగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "మేడం, డెడ్‌లిఫ్ట్ ఎప్పుడు చేయొచ్చు?" ఆయన వెంటనే, "జిమ్ము మాట ఎత్తొద్దని చెప్పండి మేడం, డాక్టరుగారు బరువులు వద్దన్నారు" అన్నారు.

సరే, ఇంట్లో ఏమేం పనులు చేస్తున్నారమ్మా అని అడిగాను. పెద్దగా ఏమీ లేవన్నారు. ఒక్కొక్కటే అడుగుతూ పోతే బయటపడింది. పొద్దున్నే ఇరవై లీటర్ల వాటర్ టిన్ను గుమ్మం దగ్గర నుంచి వంటింట్లోకి తీసుకెళ్ళేది ఆవిడే. ఇరవై లీటర్లంటే ఇరవై కిలోలు. నెలకోసారి గ్యాస్ బండ జరిపేదీ ఆవిడే. గ్యాస్ 14.2 కిలోలైతే ఖాళీ బండ ఇంచుమించు ఇంకో పదిహేను. జిమ్ములో డంబెల్ బరువు దాని మీదే రాసి ఉంటుంది. వాటర్ టిన్ను మీద, బియ్యం బస్తా మీద, తడి దుప్పట్ల బకెట్టు మీద ఏమీ రాసి ఉండదు. డాక్టరుగారు బరువులు వద్దంటే మనం జిమ్ము ఒక్కటే మానేస్తాం. ఇంటి బరువును బరువు కింద లెక్కెయ్యం. ఇంట్లోవాళ్ళంతా ఈ మాట వినాలి. మొదటి ఆరు వారాలు ఆ టిన్ను ఇంకెవరైనా మొయ్యాలి. టీచరుగారి భర్త మంచి మనిషి. మర్నాటి నుంచి ఆయనే మోశారు.

అప్పుడు నేను అడిగాను. ఇంప్లాంట్ కండరం పైన పెట్టారా, కింద పెట్టారా? ఇద్దరూ నా మొహం చూశారు. అలాంటి ప్రశ్న ఒకటుందని కూడా వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జి సమ్మరీ తీసి వెతికితే ఒక మూల ఉంది, సబ్‌పెక్టోరల్ అని. అంటే ఛాతీ కండరం కింద.

ఇది కాస్త జాగ్రత్తగా వినండి. రొమ్ము వెనకాల ఛాతీ మీద విసనకర్రలా పరుచుకున్న పెద్ద కండరం ఉంటుంది. దేన్నైనా తోసినా, రెండు చేతులు దగ్గరికి నొక్కినా పనిచేసేది అదే. పూరీ పిండి గట్టిగా పిసికేటప్పుడు తెలుస్తుంది దాని సంగతి. ఇంప్లాంట్ ఆ కండరం పైన పెడితే కండరం జోలికి పెద్దగా పోరు. కింద పెడితే కండరాన్ని ఎత్తి, చాలాసార్లు దాని కింది అంచును పక్కటెముకల నుంచి విడదీసి, లోపల చోటు చేస్తారు. అంటే కండరానికే ఆపరేషన్ అయినట్టు. అందుకని బెంచ్ ప్రెస్, పుషప్ లాంటి తోసే వ్యాయామాలు వీళ్ళకు అన్నిటికంటే చివర రావాలి. పైన పెట్టినవాళ్ళకు కొంచెం సులువు. అలాగని వాళ్ళూ తొందరపడకూడదు.

తొందరపడితే ఏమవుతుంది? చాలామంది భయం ఇంప్లాంట్ పగిలిపోతుందేమోనని. మామూలుగా బరువులు ఎత్తినంత మాత్రాన అది పగలదు. అసలు ప్రమాదం వేరు. మొదటి వారాల్లో ఊపిరి బిగబట్టి బరువెత్తితే బీపీ పెరిగి లోపల రక్తం చేరవచ్చు, నీరు చేరవచ్చు. ఇంప్లాంట్ చుట్టూ ఒంట్లో ఒక పొర ఏర్పడుతుంది. అది ఏర్పడి కుదురుకునేదాకా ఇంప్లాంట్ స్థానం కదలవచ్చు. తోడు పెట్టిన పాలు పెరుగయ్యేదాకా గిన్నె కదపం కదా, అంతే.

టీచరుగారి డెడ్‌లిఫ్ట్ ఆశ మీద మొదట నీళ్ళు చల్లాల్సి వచ్చింది. "అది కాళ్ళ వ్యాయామమే కదా మేడం" అన్నారు. కాళ్ళదే. కానీ బార్ వేలాడేది చేతుల్నించి. దాన్ని పట్టి ఉంచడానికి వీపు, భుజం, ఛాతీ అన్నీ బిగుసుకుంటాయి. భుజాల మీద బార్ పెట్టి గుంజీలా కూర్చుని లేచే స్క్వాట్‌కీ ఇలాంటి చిక్కే. చేతులు వెనక్కి మడిచి బార్ పట్టుకోవాలి, ఛాతీ ముందు భాగం లాగేస్తుంది. అందుకని నడకతో మొదలుపెట్టాం. నడక ఆపరేషన్ అయిన మర్నాటి నుంచే మంచిది. తర్వాత కుర్చీలోంచి లేచి కూర్చోవడం, చేతులు వాడకుండా. ఆ పైన కదలకుండా ఒకేచోట తొక్కే సైకిల్, కూర్చుని కాళ్ళతో బరువు తోసే లెగ్ ప్రెస్ మెషిన్. చేతుల విషయానికొస్తే, మొదట సర్జన్ చెప్పిన ఎత్తు వరకే లేపడం, ఆ తర్వాత గోడ మీద వేళ్ళతో మెల్లగా పైకి పాకడం.

ఆరు వారాలు దాటి సర్జన్ సరేనన్నాక లాగే వ్యాయామాలు మొదలెట్టాం. రబ్బరు బ్యాండు కిటికీ ఊచకు కట్టి పొట్ట వైపు లాగడం. వీపు బలపడుతుంది, ముందుకు వంగిపోయిన భుజాలు వెనక్కి వస్తాయి. రొమ్ము ఆపరేషన్ అయినవాళ్ళలో ఎక్కువమంది భుజాలు ముందుకు ముడుచుకుని నడుస్తారు. కొంత నొప్పి వల్ల, కొంత దాచుకోవాలన్న తపన వల్ల. వీపు వ్యాయామం ఆ రెండోదానికి కూడా మందులా పనిచేస్తుందని నా నమ్మకం. తల నిటారుగా నిలిచేసరికి మనిషే మారిపోవడం నేను చూశాను.

పదో వారం అనుకుంటాను. అద్దం ముందు నిలబెట్టి గోడ పుషప్ చేయించాను. గోడకు రెండు అరచేతులు ఆనించి, మోచేతులు వంచి, మళ్ళీ మెల్లగా తోయడం, అంతే. రెండోసారి తోయగానే ఆవిడ ఆగిపోయారు. మొహం పాలిపోయింది. "మేడం, లోపల ఏదో కదిలింది." అద్దంలో నాకూ కనిపించింది. ఎడమ పక్క రొమ్ము ఒక్కసారి పైకీ పక్కకీ జరిగి మళ్ళీ వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి చెప్పాను. ఇంప్లాంట్ కండరం కింద ఉంది. కండరం బిగిస్తే దాని కిందున్నది కదులుతుంది. ఏమీ తెగలేదు, ఏమీ పగల్లేదు. కండరం కింద పెట్టించుకున్న చాలామందిలో ఇది కనిపిస్తుంది. ముందే చెప్పి ఉంటే ఆవిడకి ఆ భయం ఉండేది కాదు. మీలో ఎవరికైనా అలా అయితే బెదిరిపోకండి, తర్వాతిసారి సర్జన్ని కలిసినప్పుడు ఒక మాట చెప్పండి. అది మరీ ఎక్కువగా ఉండి ఇబ్బంది పెడితే ఇంప్లాంట్‌ను కండరం పైకి మార్చే ఆపరేషన్ కూడా ఉంది.

అప్పట్నించి గోడ, తర్వాత వంటింటి గట్టు, ఆ తర్వాత చిన్న డంబెల్స్‌తో నేల మీద పడుకుని పైకి తోయడం. నేల మీద ఎందుకంటే, మోచేయి నేలకు తగిలి ఆగిపోతుంది, వెనక్కి ఎక్కువ పోదు. ఛాతీ అతిగా సాగదు. చేతులు బార్లా చాపి చేసే ఫ్లైలు, రెండు కడ్డీల మీద చేతులు ఆనించి ఒంటిని దించి లేపే డిప్స్ ఆవిడ మళ్ళీ మొదలుపెట్టలేదు. మొదలుపెట్టకపోతే వచ్చిన నష్టమేమీ లేదు.

ఆ మధ్యలోనే ఆవకాయ రోజులు వచ్చాయి. జాడీ అటక మీద నుంచి దించడం, బేసిన్‌లో ముక్కలకు కారం, ఆవపిండి, నూనె పట్టించి కింది నుంచి పైకి కలపడం. అదంతా ఛాతీ, భుజం పనే. ఆ ఏడాది జాడీ కొడుకు దించాడు, కలిపింది ఆవిడ అత్తగారు. టీచరుగారు పక్కన కూర్చుని ఉప్పు చూశారు.

చంకలో గ్రంథులు తీసినవాళ్ళ కోసం ఒక మాట. ఆ చేత్తో జన్మలో బరువు ఎత్తకూడదు, ఎత్తితే చెయ్యి వాచిపోతుంది అని ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు. 1996లో కెనడాలోని వాంకూవర్‌లో డాన్ మెకెంజీ అనే డాక్టరు రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడిన ఇరవై నాలుగు మందికి ముందు జిమ్ములో శిక్షణ ఇచ్చి, తర్వాత డ్రాగన్ బోటు, అంటే చాలామంది కలిసి తెడ్లు వేసే పొడవాటి పడవ, తెడ్లు చేతికిచ్చి పందెంలోకి దింపారు. ఎవరికీ కొత్తగా చెయ్యి వాయలేదు. ప్రకాశం బ్యారేజీ మీద నుంచి వెళ్ళినప్పుడల్లా మన కృష్ణలో కూడా అలాంటి పడవ ఒకటి తిరిగితే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది నాకు. ఆ తర్వాత పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కాథరిన్ ష్మిట్జ్ బృందం, అప్పటికే చెయ్యి వాపు ఉన్న 141 మంది మీద చేసిన అధ్యయనం 2009లో అచ్చయింది. వారానికి రెండుసార్లు, కొద్దికొద్దిగా పెంచుతూ బరువులు ఎత్తినవాళ్ళకు వాపు పెరగలేదు సరికదా, అది ఉన్నట్టుండి ఎక్కువయ్యే సందర్భాలు తగ్గాయి. కొద్దికొద్దిగా పెంచుతూ, ఆ మాట మరిచిపోకండి. వాపు ఉన్నవాళ్ళు వ్యాయామం చేసేటప్పుడు బిగుతు చేతితొడుగు వేసుకున్నారు, అదీ మరిచిపోకండి.

టీచరుగారు మళ్ళీ డెడ్‌లిఫ్ట్ చేస్తున్నారు. మొదట ఖాళీ బార్‌తో, తర్వాత రెండు పక్కలా చిన్న ప్లేట్లతో. బెంచ్ ప్రెస్‌లో పాత బరువు కోసం మాత్రం పాకులాడలేదు. కండరం కింది అంచు విడదీశాక తోసే బలం కొందరికి కొంత తగ్గుతుంది. ఆ బరువును వీపు వ్యాయామంలో చూసుకుంటానన్నారు. నాకు ఆ నిర్ణయం చాలా నచ్చింది.

ఎక్కడ ఆగాలో కూడా చెప్పాలి. ఒక పక్క ఉన్నట్టుండి వాచినా, ఎర్రబడినా, వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర నీరు కారినా, ఆకారం మారినా వ్యాయామం ఆపేసి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. తెల్లారాక చూద్దాంలే అనుకోవద్దు. రేడియేషన్ తీసుకున్నవాళ్ళకు చర్మం, కండరం బిగుసుకుంటాయి కాబట్టి నేను చెప్పిన వారాలు వాళ్ళకు వర్తించవు, ఇంకా నిదానంగా సాగాలి. ఎవరికైనా సరే, మీ సర్జన్ చెప్పిన గడువుదే పైచేయి.

చివరగా ఒక్క పని చెయ్యండి. ఈసారి సర్జన్ దగ్గరికి వెళ్ళినప్పుడు అడగండి. ఇంప్లాంట్ కండరం పైనా, కిందా? తోసే వ్యాయామం ఏ తేదీ నుంచి చేయొచ్చు? ఈ రెండూ కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం, ఇంప్లాంట్‌తో ఇచ్చిన కార్డు, రెండూ ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. జిమ్ములో కోచ్ మగవాడు, ఎలా చెప్పను అని చాలామంది నన్ను అడుగుతారు. అంతా చెప్పక్కర్లేదు. "ఛాతీ కండరానికి ఆపరేషన్ అయింది, ఫలానా తేదీ దాకా ప్రెస్‌లు, పుషప్‌లు వద్దన్నారు, మిగతావి తక్కువ బరువుతో చేయించండి" అంటే చాలు. ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే జవాబు చెప్పాల్సిన పని లేదు, వేరే కోచ్‌ని చూసుకోండి.

సెలవు. నమస్కారం.