జ్వరం వచ్చిన రాత్రి ఆగిపోయిన టీకా

నమస్కారం. పోయిన వారం మన తిరుపతి కొర్లగుంట నుంచి ఒక తల్లి నాకు ఫోను చేసి, "అమ్మా, నెలన్నర సూదులు ఏపించిన రాత్రి బిడ్డకు ఒళ్లు కాలిపోయింది, తొడ గట్టిపడింది, తెల్లవార్లూ ఉండుండి ఏడిచినాడు. మా అత్త ఇంక వద్దనింది. రెండున్నర నెలలవి ఏపించకపోతే ఏమవుతుంది?" అని అడిగారు. ఈ రోజు ఆ ప్రశ్నకు నిదానంగా జవాబు చెప్పాలనుకుంటున్నాను.

ఆరోగ్య కార్యకర్తగా చిత్తూరు పల్లెల్లో టీకాలు వేసిన రోజుల్లో ఇలాంటి ప్రశ్న వస్తే నేను గద్దించేదాన్ని. గద్దిస్తే ఆ పూటకు తలూపేవారు, వచ్చే బుధవారానికి ఇంటికి తాళం వేసి చేనికి వెళ్లిపోయేవారు. తప్పు నాదేనని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. జ్వరం వస్తుందని ముందే చెప్పి ఉంటే, ఆ జ్వరాన్ని చూసి ఆ ఇల్లు అంతగా బెదిరేది కాదు.

నెలన్నరకు ఎడమ తొడకు వేసే పెంటావలెంట్ టీకా ఒక్కటే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి, న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే హిబ్ అనే 5 జబ్బులకు అడ్డుపడుతుంది. ఇందులో కోరింత దగ్గుకు సంబంధించిన భాగాన్ని ఆ క్రిమిని పూర్తిగా చంపి, దాని దేహమంతటినీ ఉంచి తయారు చేస్తారు కాబట్టి, బిడ్డ ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని గట్టిగానే ఎదుర్కొంటుంది. ఆ రాత్రి జ్వరానికీ, తొడ వాపుకూ ఎక్కువగా అదే కారణం. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. బిడ్డ బరువును బట్టి నర్సమ్మ చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చుక్కలు వేసి, చనుబాలు మానకుండా ఇస్తూ, వాచిన చోట తడిగుడ్డ వేస్తే చాలు. ఆ చోటును రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు, పసుపు పూయకూడదు. మూడు గంటలకు పైగా ఆగకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ మందకొడిగా పడి ఉన్నా మాత్రం ఇంట్లో ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇంకొక భయం సెల్‌ఫోన్ల ద్వారా వచ్చింది. తట్టు టీకా వల్ల పిల్లలకు ఆటిజం, అంటే మాటలోనూ నలుగురితో కలవడంలోనూ ఇబ్బంది ఉండే ఎదుగుదల సమస్య, వస్తుందన్న మాటకు మూలం 1998లో లాన్సెట్ అనే బ్రిటన్ వైద్య పత్రికలో 12 మంది పిల్లల గురించి వచ్చిన ఒక వ్యాసం. అందులో మోసం ఉందని తేలిన తరువాత 2010లో ఆ పత్రిక వ్యాసాన్ని ఉపసంహరించుకుంది, రాసిన వేక్‌ఫీల్డ్ పేరును బ్రిటన్ వైద్యుల జాబితా నుంచి తొలగించారు. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2019లో ప్రకటించిన పరిశీలనలో ఈ టీకాకూ ఆటిజానికీ సంబంధం కనిపించలేదు. ఆటిజం లక్షణాలు తల్లిదండ్రుల కంటబడేది తరచుగా రెండో ఏట. మనం తట్టు టీకా రెండో మోతాదు వేయించేదీ 16 నుంచి 24 నెలల మధ్యనే. రెండూ పక్కపక్కన జరిగేసరికి ఒకదానికి రెండోది కారణమనిపించడం సహజమే గానీ, అది నిజం కాదు.

తట్టును మన ఇళ్లలో ఇప్పటికీ అమ్మవారు పోసిందనే అంటారు. గుమ్మానికి వేపమండలు కడతారు, తాతయ్యగుంట గంగమ్మకు మొక్కుకుంటారు. నేనూ జాతరకు పొంగలి పెట్టే మనిషినే, ఆ మొక్కును కాదనను. అయితే తట్టు సోకిన ఒక్క బిడ్డ, టీకా పడని 12 నుంచి 18 మందికి దాన్ని అంటించగలదు. ఆ బిడ్డ దగ్గి వెళ్లిపోయిన గదిలో క్రిమి రెండు గంటల దాకా గాలిలో నిలిచి ఉండగలదు. దేశం నలుమూలల నుంచి రోజూ వేలాది యాత్రికులు దిగే ఊరు మనది. బస్టాండులో మన ఒడిలోని బిడ్డ పక్కన ఎవరు కూర్చుంటారో మనకు తెలియదు గదా. పైగా తట్టు తగ్గిన తరువాత కూడా, అంతకుముందు ఇతర జబ్బులపై ఒంటికి అబ్బిన రక్షణ కొంత చెరిగిపోతుంది. అందుకే 9 నెలలు నిండగానే కుడి చేతికి వేసే తట్టు టీకా మొదటి మోతాదును ఆలస్యం చేయవద్దంటాను.

టీకా పాడై ఉంటుందేమోనని అనుమానం ఉన్నవారు సీసాను చూపించమని అడగవచ్చు, అడగాలి కూడా. సీసా మీద ఒక గుండ్రటి గుర్తు, దాని నడుమ ఒక చిన్న చదరం ఉంటాయి. ఆ చదరం, దాని చుట్టూ ఉన్న వలయం కన్నా తెల్లగా ఉంటే ఆ మందు వేడికి చెడలేదని అర్థం. వలయంతో సమానంగా నల్లబడితే దాన్ని వాడరు. చూపించడానికి విసుక్కునే నర్సమ్మ ఉంటే, ఆ విసుగు ఆమె తప్పే.

కొర్లగుంట తల్లికి నేను చివరగా చెప్పినది ఇది. గడువు దాటిందని మొదటి నుంచి మళ్లీ వేయించుకోనక్కరలేదు, ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు. చిన్న జలుబు ఉన్నా అడ్డు కాదు. కార్డు మరచిపోకుండా తీసుకుపోవాలి, సూది పడిన తరువాత అరగంట అక్కడే కూర్చోవాలి. ఆమె అంతా విని, "మళ్లా మూడు సూదులు పొడుస్తారా?" అని అడిగారు. నెలన్నరకు రెండు తొడలకూ, చేతికీ కలిపి మూడు పడ్డాయి; రెండున్నర నెలలకు ఎడమ తొడకు ఒక్కటే, మిగతావి నోట్లో వేసే మందులు. ఆ మాట విన్నాక, ఫోను పెట్టేయకుండానే, అత్తను పిలిచారు.