పత్తికాయలో పరిణామం

శ్రోతలకు నమస్కారం. పరిణామం అనగానే లక్షల ఏళ్లు, రాక్షసబల్లులు గుర్తొస్తాయి. ఈవేళ అంత దూరం వద్దు, పత్తిచేను దాకా వెళ్దాం.

ఓ డిసెంబరులో మా బాబాయి చేలో ఒక కాయ కోసి చూశాను. పైకి నిక్షేపంలా ఉంది. చీలిస్తే లోపల దూది ముద్దకట్టి, పచ్చగా మరకపట్టి, గింజలో తల దూర్చుకుని గులాబీ రంగు పురుగు! చిటికెనవేలి గోరంత.

"బీటీ విత్తనమే కదా బాబాయ్?"

"బీటీయే. ఆ సంగతి దానికెవరూ చెప్పలేదు మరి" అన్నాడు.

బీటీ అంటే నేలలోని ఓ బ్యాక్టీరియా జన్యువు చేర్చిన పత్తి, పురుగును చంపే విషం మొక్కే తయారుచేసుకుంటుంది. మన దేశంలో దీనికి 2002లో అనుమతి వచ్చింది. కాయలో దూరిన పురుగు చచ్చేది. కానీ ఎక్కడో ఒకటీ అరా పుట్టుకతోనే ఆ విషానికి లొంగని మొండివి. విషం వాటిని పుట్టించలేదు, ముందే ఉన్నాయి. మళ్లీ చెబుతున్నా, ముందే ఉన్నాయి. మిగతావన్నీ చచ్చాక చేనంతా వాటిదే. వాటిలో అవే జతకట్టాయి. 2010 కల్లా గుజరాత్‌లో ఈ పురుగు ఒకే విషపు జన్యువున్న మొదటి రకం బీటీకి లొంగడం మానేసింది. రెండు జన్యువుల రకానికీ తర్వాత అదే గతి.

ఇది కొత్త జాతా? కాదు, పాత పురుగే. రెండు గుంపులు జతకట్టడం పూర్తిగా మానేస్తేనే ఏనాటికో వేరు జాతులవుతాయి. రైతుకు కావలసింది దానికి తలకిందులు: మొండివి మామూలువాటితో కలుస్తూనే ఉండాలి. అప్పుడు పుట్టే పిల్లలు చాలావరకు బీటీకి చస్తాయి. అందుకే విత్తనాలతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ, అంటే విషం లేని గింజల ప్యాకెట్ ఇచ్చేవారు, మామూలు పురుగులు బతికేలా చేను చుట్టూ వేయమని. అవి గట్టు మీదే పడుండేవి. "డబ్బు పెట్టి పురుగుకు మేతెయ్యమంటారా?" అనేవారు రైతులు. న్యాయమైన ప్రశ్నే! కానీ అమెరికాలోని ఆరిజోనాలో ఆ మేత వేశారు. 1996 నుంచి పదేళ్ల దాకా అక్కడ పురుగు లొంగే ఉంది.

ఇప్పుడు చాలా బీటీ ప్యాకెట్లలో ఆ నాన్ బీటీ గింజలు కలిపే వస్తున్నాయి. ఇక రైతు చేతిలో ఉన్నది పంట కాలం. ఈ పురుగుకు నెలకో, నెలన్నరకో ఒక తరం. ఇంకో తీత వస్తుందని ఫిబ్రవరి దాకా చేను ఉంచితే, మొండివాటికి మరో తరం వడ్డించినట్టే. డిసెంబరు దాటనివ్వకండి. మా బాబాయి ఈసారి సంక్రాంతికి ముందే పత్తికట్టె పీకించి మొక్కజొన్న వేశాడు.