పై ఇంటి హల్మొని ఊరు చూద్దామని బోర్డర్ దాకా వెళ్ళొచ్చాం

హాయ్ అండీ, నమస్తే. సువాన్ నుంచి మళ్ళీ మీ ముందుకు వచ్చేశాను. ఈసారి వంట వీడియో కాదు. పులిహోర మాత్రం ఉంది, బ్యాగులో.

మా పై ఇంట్లో ఒక హల్మొని ఉంటారు. ఇక్కడ నాయనమ్మనీ, అమ్మమ్మనీ, వయసైన ఏ ఆడమనిషినైనా హల్మొని అనే పిలుస్తారు. మేం అద్దెకు దిగిన కొత్తలో డబ్బా నిండా కిమ్చీ తెచ్చిచ్చారు. ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదు కదా, నేను గారెలు పెట్టిచ్చాను. అలా మొదలైంది. మాది ఏ ఊరని ఆవిడ అడిగితే గుంటూరని చెప్పి, మీదే ఊరండీ అని నేనూ అడిగాను. "కేసాంగ్" అన్నారు. ఓసారి వెళ్దాం రండి అనేశాను, తెలియక! ఆవిడ నవ్వి ఊరుకున్నారు. రాత్రి మ్యాప్ తీసి చూస్తే కేసాంగ్ ఉత్తర కొరియాలో ఉంది.

అయితే ఆవిడ పుట్టిన ఊరు అప్పట్లో దక్షిణానిది. ఇల్లు ఉన్నచోటే ఉంది, దాని చుట్టూ దేశం మారిపోయింది. అదెలాగో చూద్దామనే ఈ ఆదివారం మా ఆయన, మా వాడు, నేను బయల్దేరాం. హల్మొని రానన్నారు. "చూసింది చాల్లే, ఫొటో తీసుకురా" అన్నారు.

సువాన్ నుంచి సియోల్ స్టేషన్, అక్కడ మారి మున్సాన్. రెండు గంటల పైనే పడుతుంది. కూర్చోవడానికి సీటు దొరికింది కాబట్టి, ట్రైన్‌లోనే కథ చెప్పేస్తాను.

1910 నుంచి కొరియా జపాన్ చేతిలో ఉంది. 1945 ఆగస్టులో జపాన్ ఓడిపోతోందనగా సోవియట్ సైన్యం ఉత్తరం నుంచి దిగిపోయింది. అమెరికా సైన్యమేమో ఎక్కడో ఓకినావాలో ఉంది. ఇలాగే వదిలేస్తే దేశమంతా స్టాలిన్‌దైపోతుందని వాషింగ్టన్‌లో టెన్షన్. ఒక అర్ధరాత్రి డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్ అనే ఇద్దరు ఆఫీసర్లకు పని అప్పగించారు, అరగంటలో గీత గీయమని. వాళ్ళ దగ్గరున్నది నేషనల్ జియోగ్రాఫిక్ మ్యాప్. సియోల్ తమవైపు ఉండేలా చూసుకుని 38వ అక్షాంశం మీద వేలు పెట్టారు. స్టాలిన్ సరేనన్నాడు. కొరియా వాళ్ళను అడిగినవాళ్ళు లేరు. జపాన్ సైనికులు ఎవరికి లొంగిపోవాలో తేల్చడానికి పెట్టుకున్న తాత్కాలిక గీత అది. మనింట్లో తాత్కాలికంగా కట్టిన రేకుల షెడ్డు ఎన్నాళ్ళుంటుందో మీకు తెలుసుగా!

మా అమ్మకు ఫోన్లో ఇదే చెబితే, "మన రాష్ట్రం కూడా విడిపోయిందిగా, దానికింత గొడవేంటే?" అంది. అమ్మా, నువ్వు గుంటూరులో బస్సెక్కితే సాయంత్రానికి హైదరాబాద్‌లో దిగుతావు. వీళ్ళకు ఫోన్ కూడా లేదు, ఉత్తరం కూడా లేదు.

రెండు పక్కలా ఎవరికి కావాల్సిన మనిషిని వాళ్ళు కూర్చోబెట్టుకున్నారు. ఉత్తరాన సోవియట్ సైన్యంలో పనిచేసొచ్చిన కిమ్ ఇల్ సంగ్, దక్షిణాన ఏళ్ళ తరబడి అమెరికాలో బతికొచ్చిన సింగ్‌మన్ రీ. 1948లో రెండు ప్రభుత్వాలు వెలిశాయి. దేశమంతా మాదేనని ఇద్దరూ అన్నారు. దక్షిణం వైపు అంతా మంచివాళ్ళే అనుకోకండి. మనం సెలవులకు వెళ్ళి కమలాలు కోసుకుంటూ రీల్స్ చేసే జెజు దీవి ఉంది కదా, 1948లో అక్కడ మొదలైన తిరుగుబాటును అణిచేటప్పుడు కమ్యూనిస్టులన్న ముద్ర వేసి ఊళ్ళకు ఊళ్ళే తగలబెట్టారు. మన ఊళ్ళలో కమ్యూనిస్టు అంటే ఎవరో ఒకరి పెదనాన్న. కండువా వేసుకుని టీకొట్టు దగ్గర గట్టిగా వాదించే మనిషి. ఇక్కడ 'పల్గెంగి', అంటే ఎర్రోడు అన్న మాట పడిందంటే ఒకప్పుడు ప్రాణం మీదికొచ్చేది. మా వాడు ఆ మాట స్కూల్లో ఎక్కడో విని ఇంట్లో అన్నాడు. హల్మొని వింటే బాగుండదని నోరు మూయించాను.

దాడికి అనుమతివ్వమని కిమ్ 1949లో అడిగితే స్టాలిన్ వద్దన్నాడు. ఏడాదిలో లెక్క మారిపోయింది. ఆగస్టులో సోవియట్లు అణుబాంబు పేల్చారు, అక్టోబరులో చైనా మావో చేతికొచ్చింది. అప్పటికే అమెరికా తన సైన్యాన్ని కొరియా నుంచి దాదాపు మొత్తం తీసుకెళ్ళిపోయింది. 1950 జనవరిలో వాళ్ళ విదేశాంగ మంత్రి డీన్ అచెసన్ మేం కాపాడే గీత ఇదీ అని చెబుతూ కొరియా పేరెత్తలేదు. అమెరికా రాదులే అనుకుని స్టాలిన్ ఒప్పుకున్నాడు. మావోను కూడా అడుగు, రేపు నీకు దెబ్బ తగిలితే నేను వేలు కూడా కదపను అన్న అర్థంలో చెప్పి పంపాడట. పెద్దమనిషి!

జూన్ 25, ఆదివారం తెల్లవారుజాము. ఇక్కడివాళ్ళు ఈ యుద్ధాన్ని ఆ తేదీతోనే పిలుస్తారు: యుగియో, ఆరు-రెండు-ఐదు. కేసాంగ్ గీతకు ఆనుకునే ఉంది కాబట్టి మొదటి పూటే పడిపోయింది. ఉత్తరం వాళ్ళు తమవైపు పీకేసిన పట్టాలను రాత్రికి రాత్రి మళ్ళీ వేసుకుని, సైనికులను రైలెక్కించి తిన్నగా కేసాంగ్ స్టేషన్‌లోనే దించారు. హల్మొనికి అప్పుడు పన్నెండేళ్ళు. "రైలొచ్చిందని చూడ్డానికి పరిగెత్తాను" అన్నారు. మూడు రోజుల్లో సియోల్ కూడా పోయింది. రాదులే అనుకున్న అమెరికా మాత్రం దక్షిణానికి సాయంగా దిగింది.

మున్సాన్ వచ్చేసింది, దిగుదాం. ఈ ఊరికి మనతో చుట్టరికం ఉందండీ. 1951 మార్చిలో అమెరికన్ పారాట్రూపర్లు ఇక్కడ దూకినప్పుడు వాళ్ళతోపాటు మన 60వ పారా ఫీల్డ్ అంబులెన్స్ డాక్టర్లు కూడా దూకారు. లెఫ్టినెంట్ కల్నల్ ఏ.జి. రంగరాజ్ వాళ్ళ నాయకుడు. నెహ్రూ యుద్ధానికి సైన్యాన్ని పంపనన్నాడు, వైద్యులను పంపాడు.

బస్సులో ఇమ్జిన్‌గాక్ చేరాం. చూడండి, ఇదీ ఆ ఇంజను. 1950 డిసెంబరు 31న జాంగ్‌దాన్ స్టేషన్‌లో ఆగిపోయిన ఆవిరి రైలింజను. దీనికి వెయ్యికి పైగా బుల్లెట్ రంధ్రాలున్నాయి. మా వాడు వేలు పెట్టి లెక్కపెడతానని మొదలెట్టి నలభై దగ్గర ఆపేశాడు. అంచులు లోపలికి ముడుచుకుపోయి, తుప్పుపట్టి, బెల్లం రంగులోకి వచ్చాయి. కాల్చింది శత్రువులు కాదు, శత్రువు చేతికి చిక్కకూడదని అమెరికా సైనికులే కాల్చారు. ఏళ్ళ తరబడి పడి ఉండగా దీని మీద ఒక మల్బరీ మొక్క మొలిచిందట. దాన్ని తీసి పక్కనే నాటారు.

ఆ డిసెంబరులో అమెరికా వైపు సైన్యాలు ఎందుకు వెనక్కి పరిగెత్తాయంటే, సెప్టెంబరులో ఇంచన్ దగ్గర దిగి గెలిచిన అమెరికా జనరల్ మెకార్థర్ అంతటితో ఆగకుండా చైనా సరిహద్దు దాకా వెళ్ళాడు. గీత దాటితే మేమూ దిగుతామని చైనా ప్రధాని చౌ ఎన్‌లై అర్ధరాత్రి మన రాయబారి కె.ఎం. పణిక్కర్‌ను పిలిపించి మరీ చెప్పాడు. కబురు చేరింది, కానీ అమెరికా వాళ్ళు కాకమ్మ కథ అనుకున్నారు. చైనా దిగింది. తొమ్మిది నెలల్లో సియోల్ నాలుగుసార్లు చేతులు మారింది. సోవియట్ పైలట్లు చైనా గుర్తులు వేసుకున్న మిగ్ యుద్ధ విమానాల్లో ఎగిరి, రేడియోలో రష్యన్ మాట్లాడొద్దన్న ఆర్డరుతో యుద్ధం చేశారు. అమెరికా ఈ చిన్న దేశం మీద 6,35,000 టన్నుల బాంబులు వేసింది. పెద్ద దేశాలు రెండూ నేరుగా తలపడకుండా కొరియా వాళ్ళ పెరట్లో తేల్చుకోవాలనుకున్నాయి, ఏమీ తేలలేదు.

పాస్‌పోర్టులు చూపించి టూరు బస్సెక్కాం. ఉత్తరం వాళ్ళు సరిహద్దు కిందుగా రహస్యంగా తవ్వగా 1978లో బయటపడ్డ మూడో సొరంగంలోకి కెమెరా తీసుకెళ్ళనివ్వరు. పసుపు హెల్మెట్ పెట్టుకుని వంగి నడవాలి. మా ఆయన తల మూడుసార్లు కొట్టుకుంది. సరే, అది వదిలేయండి.

డోరా అబ్జర్వేటరీ నుంచి చూస్తే ఎదురుగా పచ్చటి అడవి. రెండు దేశాల మధ్య నాలుగు కిలోమీటర్ల వెడల్పున, మనుషులు దాదాపుగా కాలు పెట్టని నేల. దాని అవతల కేసాంగ్. శాంతి చర్చలు 1951 జులైలో ఆ ఊళ్ళోనే మొదలయ్యాయి. తర్వాత పన్‌ముంజొమ్‌కు మారి, ఖైదీలను బలవంతంగా వెనక్కి పంపాలా వద్దా అన్న ఒక్క ముడి దగ్గర ఏడాదికి పైగా నడిచాయి. స్టాలిన్ పోయాక, 1953 జులై 27న సంతకాలయ్యాయి. అదీ కాల్పుల విరమణే. ఇళ్ళకు తిరిగి వెళ్ళబోమన్న ఖైదీలను కాపలా కాసింది మన సైనికులు, వాళ్ళ సంగతి తేల్చడానికి వేసిన కమిషన్‌కు అధ్యక్షుడు మన జనరల్ తిమ్మయ్య. కొత్త గీత 38వ అక్షాంశం మీద కాదు, ఆ రోజు సైన్యాలు ఎక్కడున్నాయో అక్కడ పడింది. తూర్పున సొక్చో దక్షిణానికి వచ్చింది, పడమట కేసాంగ్ ఉత్తరానికి పోయింది.

హల్మొని తండ్రితో, అన్నతో కలిసి 1951 జనవరి చలిలో బయల్దేరారు. చంటిపిల్లతో అమ్మ ఉండిపోయింది. మూడు రోజుల్లో వచ్చేస్తాం అనుకున్నారట.

రాత్రి ఇంటికొచ్చి ఆవిడకు ఫొటో చూపించాను. అంతా మసక, వెనకాల ఒక కొండ. "సొంగాక్ కొండ" అన్నారు వెంటనే. రెండు వేళ్ళతో పెద్దది చేశారు, ఇంకా పెద్దది చేశారు, బూడిదరంగు చుక్కలు తప్ప ఏమీ మిగల్లేదు. "ఇక్కడ మా స్కూలు" అని ఆ చుక్కల మీద గోరు పెట్టారు. స్క్రీన్ ఆరిపోయింది. నేను మళ్ళీ వెలిగించాను. ఆవిడ కాసేపు చూసి, ఫోన్ నా చేతిలో పెట్టి, ఇక్కడ ఎవరైనా ఎవరినైనా పలకరించే మాటే అన్నారు. మన దగ్గరా అదే అంటారు.

"అన్నం తిన్నావా?"